తెరచాపకు తోకలైటు

నరసరావుపేటలో బ్యాటరీల కొట్టు పెట్టుకున్నవాడికి సముద్రంతో ఏం పని? మాకు నీళ్ళంటే డిస్టిల్డ్ వాటరే. శ్రీనాథుడంతటివాడు పల్నాడొచ్చి గుక్కెడు నీళ్ళకి కటకటలాడి చాటువుల్లో తిట్టిపోశాడు. ఆయన పోయి ఐదొందల ఏళ్ళు దాటాక గానీ మాకు నాగార్జునసాగర్ రాలేదు. అలాంటి సీమలో పుట్టిన మా మేనల్లుడు సియాటిల్‌లో పాతికడుగుల తెరచాప పడవ కొన్నాడు. అదీ సెకండ్ హ్యాండు.

"మామయ్యా, లైట్లు వెలగట్లేదు. ఇక్కడ మెకానిక్‌ని పిలిస్తే పడవ అమ్మి కట్టాలి" అని వీడియో కాల్. వాడికి రాత్రి, నాకు కొట్టు తెరిచే వేళ. బల్ల మీద ట్రాక్టరు బ్యాటరీ చార్జింగుకి పెట్టించుకుని కూర్చున్న మిరప రైతు, నాకు బాబాయ్ వరస, ఫోన్లోకి తల దూర్చాడు.

1972లో దేశాలన్నీ కలిసి రాసుకున్న నిబంధనల ప్రకారం రాత్రి పడవకి ఎడమన ఎరుపు, కుడిన పచ్చ, వెనక తెలుపు ఉండాలి. ఎరుపూ పచ్చా చెరి 112.5 డిగ్రీలు, వెనకది 135. కూడితే సరిగ్గా 360. ఏ మూల నుంచి చూసినా ఏదో ఒకటి కంటబడి తీరాలి. ఎరుపూ పచ్చా రెండూ కనపడ్డాయంటే అది నీ మీదికే వస్తోందని లెక్క.

"వీటితో దారి కనపడుద్దా?" అన్నాడు బాబాయ్.

"కనపడదు. మనం ఎదుటోడికి కనపడతాం."

"మన బ్యాటరీ కాల్చి ఎదుటోడికి కనపడటమేందిరా!"

ఆయన ఆశ్చర్యం న్యాయమైనదే. మాచర్ల రోడ్డు మీద చీకటి పడ్డాక పత్తి బోరాలతో పోయే ట్రాక్టర్లకి పాటల పెట్టె ఉంటుంది, ఇంజను మీద సీరియల్ బల్బులుంటాయి, ట్రక్కు వెనక మాత్రం గుడ్డి దీపమైనా ఉండదు. అది వెనక వచ్చేవాడి అదృష్టానికి సంబంధించిన విషయం.

వాణ్ణి ఫోను తెరచాప కొయ్య మొదట్లో పెట్టమన్నాను. ప్లగ్గు తీస్తే లోపల పిన్నులు కనపడలేదు, పచ్చటి చిలుము కనపడింది. ఉప్పునీళ్ళ దయ. "వైరు కత్తిరించు, రాగి మెరిసేదాకా" అన్నాను. జానెడు కత్తిరించాడు, నలుపు. ఇంకో జానెడు, ఇంకా నలుపు. చివరికి వైరు మొత్తం మార్చాల్సొచ్చింది, ఈసారి తగరం పూత తీగతో. కొయ్య చివరిదాకా పైకెక్కాలి గనక లావు తీగే వెయ్యమన్నాను. కుర్రతనంలో కోటప్పకొండ తిరనాళ్ళ ప్రభకి వైర్లు లాగిన చెయ్యి నాది. అక్కడ జనరేటరు 230 ఓల్టులు పంపుతుంది, దారిలో ఒకటో రెండో పోయినా అడిగే నాథుడుండడు. పడవ బ్యాటరీ ఇచ్చే 12 ఓల్టుల్లో ఒకటి పోతే బల్బు మొహం మాడిపోతుంది. ఊగే కొయ్యలో వైరు టపటపా కొట్టుకోకుండా ఎక్కడికక్కడ కట్లు వెయ్యమని కూడా చెప్పా. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టమంటే "అక్కడ చోటు లేదు మామయ్యా" అన్నాడు. తగలబడటానికి ఉంటుందా చోటు?

ఇక బ్యాటరీ. 100 ఆంపియర్-అవర్లని చూసి వాడు మురిసిపోతున్నాడు. లెడ్ యాసిడ్‌ది సగం వాడితే ఆపెయ్యాలి, లేకపోతే దాని ఆయుష్షు హరీ. అంటే చేతిలో ఉన్నది 50. పాత 25 వాట్ల బల్బు రెండు ఆంపియర్లు లాగుతుంది, పది గంటల రాత్రికి 20 పోయె. ఎల్‌ఈడీ అయితే మూడు వాట్లలోపే, తెల్లారేసరికి రెండు మూడు ఆంపియర్-అవర్లు మించదు. మరి ఎక్కడ తగ్గుతోందని ఆరా తీస్తే, పడవలో ఫ్రిజ్జుందట. సముద్రం మీద చల్లటి మజ్జిగ కావాలట మావాడికి!

గాలికి నడిచేటప్పుడు కొయ్య చివర మూడు రంగులూ ఒకే డబ్బాలో వెలిగించుకోవచ్చు. ఇంజను వేశాడంటే తెరచాప ఎత్తే ఉన్నా అది మోటారు పడవే. డబ్బా ఆర్పి, కింది రంగులు వేసి, వాటికి పైన ముందుకి తెల్ల దీపం పెట్టాలి. వేషానికో రంగు.

7 మీటర్లలోపు తెరచాప పడవకీ, తెడ్లేసే పడవకీ మాత్రం ఇవేవీ కుదరకపోతే తెల్లటి టార్చి చేతికందేలా ఉంచుకుని, గుద్దుకునేలోపు చూపిస్తే చాలట. విజయపురి సౌత్ దగ్గర సాగర్‌లో వలలు తీసే పుట్టి వాళ్ళకి ఈ పుస్తకం ఎవరు చదివి వినిపించారో! మావాడిది రెండడుగులు పొడుగై ఆ యోగం తప్పింది.

అటు సియాటిల్‌లో లైటు వెలిగింది. బాబాయ్ బ్యాటరీ భుజానికెత్తుకుంటూ "ఆ ఎరుపూ పచ్చా నాకూ ఇయ్యి" అన్నాడు.

"నీకు వెనక ఎర్రదొక్కటి చాలు బాబాయ్."

"ఎనక ఏస్తే నాకేం కనపడుద్దిరా? ముందు ఏసెయ్."