సెల్ఫ్ కొట్టగానే తిరగాలి

లారీ ఓనరు అనగానే జనానికి మెడలో గొలుసు, వేళ్లకి ఉంగరాలు కనిపిస్తాయి. ఉన్నది ఒక్కటే లారీ అయితే ఆ ఓనరుకి కనిపించేవి ఫైనాన్స్ వాయిదా, టైర్లు, బ్యాటరీలు. వాయిదా ఏ తేదీకి వస్తుందో తెలుసు. టైరు అరుగుతుంటే కంటికి తెలుస్తుంది. బ్యాటరీ మాత్రం రాత్రి దాకా బుద్ధిగా ఉండి, తెల్లారి అన్‌లోడింగ్ దగ్గర వెనక బళ్లన్నీ హారన్లు కొడుతుండగా 'టక్' మని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంటుంది.

అక్కణ్ణుంచి సలహాలు. విజయవాడ ఆటోనగర్‌లో బ్యాటరీ గురించి తెలియనివాడు లేడు. టీ కొట్టాయన కూడా గ్లాసు అందిస్తూ "గ్రావిటీ చూపించారా?" అంటాడు. న్యూటన్‌కి తెలిసిన గ్రావిటీ వేరు, ఈయనకి తెలిసిన బ్యాటరీ యాసిడ్ చిక్కదనం వేరు. నాకు అక్కరకొచ్చేది ఈయనదే.

కొత్త జోడు కొనాల్సి వచ్చినప్పుడు మా డ్రైవరు ముందే తేల్చేశాడు. "అమరాన్ తీసుకోండి సార్. కొండ కిందే తయారవుద్ది. స్వామి చూసుకుంటాడు." ఫ్యాక్టరీ తిరుపతి దగ్గర కరకంబాడిలో ఉన్నమాట నిజమే. కానీ అదే లెక్కన బ్రేకులు కూడా స్వామికే వదిలేస్తాడేమోనని నా భయం. మా బావమరిదిది వేరే మతం. ఆయనకి కంపెనీతో పనిలేదు, వారంటీ కార్డు మీద అంకె పెద్దదిగా ఉండాలి. "ముప్పై ఆరు నెలలు బావా!" అన్నాడు. కళ్లజోడు పెట్టుకుని చదివితే మొదటి పద్దెనిమిది నెలల్లో పోతే కొత్తది ఊరికే ఇస్తారు, మిగతా పద్దెనిమిదిలో పోతే తగ్గింపు. ఆ తగ్గింపు పెట్టె మీద అచ్చేసిన ధరలో. ఆ ధరకి మన ఊళ్లో ఎవరూ కొనరు, ఎవరూ అమ్మరు.

నేను అడిగింది ఒక్కటే: తయారైన నెల ఏది? షాపాయన మొహం కాస్త మాడింది. షాపులో ఉన్న బ్యాటరీ కూర్చుని తింటుంది. వాడకపోయినా చార్జి తనంతట తనే దిగుతుంది, అలాగే నెలలు వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. ఆయన మాట మార్చి "పెద్దది వేసుకోండి, 180 ఏహెచ్" అన్నాడు. బండి పుస్తకంలో ఎంత రాసుంటే అంత చాలు. పెద్దది పెట్టెలో పట్టాలి, దాన్ని నింపే ఓపిక ఆల్టర్నేటర్‌కి ఉండాలి, నలభై కిలోల పైచిలుకు బరువు ఎత్తే నడుము క్లీనర్‌కి ఉండాలి.

లారీకి కావాల్సింది 24 వోల్టులు. అందుకని రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలుపుతారు. ఇవి జోడెద్దులు. ఒకటి పోయిందని దాన్నే మార్చడమంటే ముసలెద్దు పక్కన కోడెను కాడికి కట్టడమే. మా బండిలో రెండూ కొత్తవే వేశాం. వారం తిరక్కుండా మా డ్రైవరు ఒక ఎద్దుకి అదనంగా గానుగ కట్టాడు. పాటల సెట్టు, చిన్న ఫ్యాను, ఫోను చార్జరు, దేవుడి పటం చుట్టూ మినుకు మినుకు దీపాలు అన్నీ 12 వోల్టులవి. వాటికి తీగ లాగింది ఒక్క బ్యాటరీ నుంచే. ఇంజిను తిరిగేటప్పుడు ఆల్టర్నేటర్ జోడు మొత్తానికి కలిపి 28 వోల్టుల దాకా ఇస్తుంది. ఏది ఎంత అలిసిందో దానికి తెలీదు. అలిసినది ఎప్పటికీ నిండదు. అలవనిదానికి ఎక్కువై నీళ్లు ఆవిరైపోతాయి. చివరికి రెండూ పోతాయి, నింద కంపెనీకి.

"24ని 12 చేసే కన్వర్టరు పెట్టిద్దాం" అన్నాను.

"ఎందుకు సార్? రెండు బ్యాటరీల మీద వింటే పాట గట్టిగా వినపడుద్దా?"

పెట్టించాను. పాట అంతే వినపడుతోంది, మా ఆవిడ ఫోను చేస్తే మాత్రం అతనికి వినపడదు.

1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచాయన సీసం రేకుల్ని యాసిడ్‌లో ముంచి తయారు చేసిన సరంజామా ఇది. అప్పటికి లారీ పుట్టలేదు, ఆర్టీఏ పుట్టలేదు. అన్నేళ్లుగా అది అడుగుతున్నది డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే. ఆవిరయ్యేది నీళ్లే కాబట్టి పోయాల్సిందీ నీళ్లే. మా క్లీనర్ కుర్రాడు ఒకసారి మినరల్ వాటర్ సీసా మూత తీశాడు. చెయ్యి పట్టుకుంటే "మనుషులకే మంచిదంట కదా సార్!" అన్నాడు. ఆ మినరల్సే ప్లేట్లకి విషం. యాసిడ్ పోస్తే కిక్కు వస్తుందనేవాళ్లు ఇంకో రకం. వాళ్లతో నేను వాదించను.

ఎండాకాలం బెజవాడలో ఈ నీళ్ల సంగతి తరచుగా చూడాలి, వేడికి పోయినన్ని బ్యాటరీలు చలికి పోవు. గ్రావిటీ చూసే హైడ్రోమీటరు రబ్బరు బుడ్డి నొక్కి వదిలితే గాజు గొట్టంలోకి యాసిడ్ ఎక్కుతుంది, లోపల ఫ్లోటు తేలుతుంది. నిండా చార్జయితే 1250 దగ్గర నిలబడాలి. బ్యాటరీలోని ఆరు గదుల్లో ఐదు అక్కడే ఉండి ఆరోది 1120 చూపిస్తే, ఆ గది కథ అయిపోయినట్టే. టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా పూసిన పొక్కుల్ని వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి పైన గ్రీజు రాయాలి. ఎర్త్ తీగ ముందు విప్పాలి, చివర బిగించాలి. క్లాంపు వదులైతే గతుకులకి ప్లేట్ల మీది పేస్టు రాలిపోతుంది. ఇన్ని చెప్పాక మా డ్రైవరు నిజంగానే మారాడు. పండగ పూట బండికి పసుపు రాసినంత శ్రద్ధగా టెర్మినల్స్ తుడిచేవాడు. లారీ ఎక్కడ ఆపినా, తోయకుండా దొర్లించి స్టార్ట్ చేసే వీలుంటుందని పల్లం చూసుకునే పాత అలవాటు కూడా మానేశాడు.

అలా మెరుస్తుండగా ఒక రాత్రి పార్కింగులో గొలుసు కోసి రెండూ ఎత్తుకుపోయారు. పక్కనే ఆపిన లారీలో బ్యాటరీలు పొక్కులతో సహా ఎక్కడివక్కడే ఉన్నాయి. ఫోన్లో మా డ్రైవరు గొంతులో ఏడుపు సగం, గర్వం సగం. "చూశారా సార్, దొంగ కూడా మనదే ఏరుకున్నాడు!"

షాపాయన వారంటీ కార్డు అటూ ఇటూ తిప్పి, దొంగతనం ఇందులో రాదండీ అన్నాడు. ఇక అవమానం భరించలేనివాడు ఆ పక్క లారీ ఓనరు. మధ్యాహ్నానికి ఫోను చేశాడు.

"మీది ఏ కంపెనీ అండీ?"