దరఖాస్తులో పాటకు ఖానా లేదు

సిద్దిపేటలో పాటకు కరువు లేదు. బోనాలకు పాట, బతుకమ్మకు పాట, పెండ్లి బరాత్‌కు పాట, ఎన్నికలొస్తే పార్టీకొక పాట. తెలంగాణ వచ్చిందే పాటతోనని మైకు దొరికిన ప్రతి నాయకుడూ చెబుతాడు. ధూంధాంతో ఊళ్ళను ఊపేసిన రసమయి బాలకిషన్‌ది ఈ పక్కనున్న రావురూకులే. కాబట్టి మన దగ్గర పాటకు విలువ లేదనడం శుద్ధ అబద్ధం. పాటంటే మనకు ప్రాణం, అది మనింటి ఇంటర్ పిల్లాడి నోటి నుంచి రానంతవరకు.

పదో తరగతి దాకా ఏ ఇబ్బందీ లేదు. పంద్రాగస్టుకు టీచరే పిలిచి పాడిస్తుంది. తండ్రి ఫోన్లో వీడియో తీసి చుట్టాల గ్రూపులన్నిటికీ పంపిస్తాడు. పది ఫలితాలు వచ్చిన సాయంత్రం మాత్రం అదే తండ్రి కొడుకును పక్కన కూర్చోబెట్టుకుంటాడు. ‘‘రెండేండ్లు ఆపు కొడుకా. ఎంపీసీ కానీ. తర్వాత జిందగంతా పాడుకో.’’ తాత భజన మండలిలో వాయించిన హార్మోనియం పాత గొల్లభామ చీరలో మూటగా మారి బీరువా ఎక్కుతుంది. తిత్తి కొట్టేవాళ్ళు లేక, ఎలుకలు మెట్ల మీద నడిచినా ఒక్క స్వరం పలకదు.

తండ్రిని తప్పుపట్టలేం. ఆయన లెక్క ఆయనకుంది. ఎప్‌సెట్ ఇంజినీరింగ్ పేపర్లో ప్రశ్నలు 160. లెక్కలకు 80, ఫిజిక్స్‌కు 40, కెమిస్ట్రీకి 40. కూడి చూడండి, సరిగమలకు ఒక్కటీ మిగలదు. 2023 నుంచి ఇంటర్ మార్కుల వెయిటేజీ కూడా ఎత్తేశారు. ఇంటర్ మార్కులకే దిక్కులేనప్పుడు ఇంటర్ పిల్లాడి గొంతుకు ఎక్కడిది?

పైగా ఆయన దగ్గర సాక్ష్యం ఉంది. ‘‘చంద్రబోస్ ఇంజినీరింగ్ చదివినంకనే పాటలు రాసిండు, ఆస్కార్ తెచ్చిండు.’’ నిజమే. అయితే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అనంతపురంలో ఇంజినీరింగ్‌లో చేరి, టైఫాయిడ్ వచ్చి మధ్యలో మానేసిన సంగతి ఆయన ఎత్తడు. తెలుగు పాటకు ఆ జ్వరం చేసిన మేలు ఏ విశ్వవిద్యాలయమూ చేయలేదు.

ఇక మన జిల్లా రేబర్తిలో పుట్టిన అందెశ్రీ ముచ్చట. ఆయన బడికే పోలేదు. పశువులు కాశారు, తాపీ పని చేశారు. కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆయన రాసిన ‘జయ జయహే తెలంగాణ’ 2024లో రాష్ట్ర గీతమైంది. బడి గడప తొక్కని మనిషి పాటను పిల్లలు వరుసగా నిలబడి పాడతారు. పాట అయిపోగానే, ‘‘చాలు, స్టడీ అవర్‌కు పదండి.’’

అసలు సాధనకు కావాల్సింది రోజుకు అరగంట. అంతకు నాలుగింతలు రీల్స్‌కు పోతున్నా ఇంట్లో ఎవరికీ పట్టదు. తలుపేసుకుని ఫోన్ చూస్తే చదువుతున్నాడనుకుంటారు. పాడితే హాల్లోకి వినిపిస్తుంది, పాపం, దొరికిపోతాడు.

ఈ కథకు రెండో భాగం కాలిఫోర్నియాలో నడుస్తుంది. ఇరవై ఏండ్ల కింద ఇలాగే హార్మోనియం మూట కట్టించుకున్న పిల్లాడు బీటెక్, ఎంఎస్ దాటి అక్కడ స్థిరపడ్డాడు. ఇప్పుడు శనివారం పొద్దున్నే కూతుర్ని కారెక్కించుకుని సంగీతం క్లాసుకు పరుగెత్తుతున్నాడు. ఎందుకంటే అమెరికా కాలేజీలు చాలావాటికి వాడే కామన్ యాప్ దరఖాస్తులో, చదువు కాకుండా ఇంకేం చేస్తావో రాయడానికి 10 ఖానాలున్నాయి. వాటిలో ఒకదాన్ని కల్యాణి రాగంతో నింపాలి. ఇక్కడ తాతగారు కోమటి చెరువు కట్ట మీద మార్నింగ్ వాక్‌లో అందర్నీ ఆపి మనుమరాలి వర్ణం వినిపిస్తున్నాడు. కొడుకు పాటను ఆపినాయనే ఈయన. అప్పుడు ఖానా లేదు, ఇప్పుడుంది, అంతే తేడా.

మన దేశంలోనూ ఖానా తెరుచుకుంటోంది. మద్రాస్ ఐఐటీ 2025-26 నుంచి కళల్లో ప్రతిభ ఉన్నవాళ్ళకు ఒక్కో బీటెక్, బీఎస్ కోర్సులో రెండేసి అదనపు సీట్లు పెట్టింది, వాటిలో ఒకటి ఆడపిల్లకే. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత మాత్రం తప్పదు. మంచి పనే. నా భయమల్లా మన హోర్డింగుల గురించి. ‘ఆరో తరగతి నుంచే ఐఐటీ సంగీతం ఫౌండేషన్’ అని బోర్డు పడటానికి ఎన్నాళ్ళో పట్టదు. మోహనకు స్లిప్ టెస్టు, తోడికి గ్రాండ్ టెస్టు, శ్రుతి తప్పితే తండ్రి ఫోన్‌కు మెసేజ్. అప్పుడు మన పిల్లలు దుప్పట్లో దూరి దొంగచాటుగా ఇంటిగ్రేషన్ చేసుకుంటారేమో.

అందాకా ఒక్క పని చేయండి. వచ్చే ఎండాకాలం కార్పొరేట్ కాలేజీ పీఆర్‌ఓ మీ ఇంటికొచ్చి చాయ్ తాగుతూ ఏసీ క్యాంపస్, ఫీజు రాయితీ, ర్యాంకుల లెక్కలు చెబుతాడు. చెప్పనివ్వండి. చివర్లో, వారానికి ఒక గంట మా పిల్లాడు పాడుకోవడానికి మీ టైంటేబుల్లో జాగా ఉందా అని అడగండి. ఆయన జవాబు విన్నాకే అడ్వాన్సు కట్టండి.