రజూలా ఎక్కినవాళ్లం

మా బడంగ్‌పేట్‌కు శంషాబాద్ విమానాశ్రయం దగ్గరే. మనవడు రాత్రి అన్నం తిని బయల్దేరితే తెల్లారేసరికి సింగపూర్‌లో ఉంటాడు. దారిలో బంగాళాఖాతం దాటానన్న ఊసే ఉండదు వాడికి.

మా రోజుల్లో అటు పోవాలంటే మద్రాసులో రజూలా ఎక్కాలి. 1926లో గ్లాస్గోలో కట్టిన ఓడ, బ్రిటిష్ ఇండియా కంపెనీది. మద్రాసు, నాగపట్నం, పెనాంగ్, సింగపూర్, అదీ దాని దారి. కొత్తలో ఒక్క డెక్కు మీదే అయిదు వేల మందికి పైగా ఎక్కించుకునే అనుమతి ఉండేదట. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల్ని మోసింది. అది ముగిశాక మళ్లీ కూలీల్ని, వ్యాపారుల్ని, పురిటికి పుట్టింటికొచ్చే ఆడపిల్లల్ని మోసింది.

మా పెదనాన్న మలేసియాలోని పేరాక్‌లో బాగన్ దాతో కొబ్బరి తోటల్లో పనిచేసేవాడు. ఆయన్ని చూడ్డానికి అమ్మా నేనూ వెళ్లాం. డెక్కు మీద చాప పరిచి, రేకు పెట్టె తలవైపు పెట్టుకుని, ఎండకు అడ్డంగా అమ్మ పాత చీర కట్టింది. వాసెన కట్టిన ఆవకాయ జాడీ విప్పగానే శ్రీకాకుళం వాళ్లొకరు పలకరించారు. మాటల్లో చుట్టరికం తేలింది. పెనాంగ్‌లో దిగేలోగా మా అక్కకు సంబంధం కూడా కుదిరింది. ఇప్పుడు పక్క సీటువాడి పేరైనా అడుగుతున్నారా ఎవరైనా?

1973లో షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా రజూలాను కొని రంగత్ అని పేరు మార్చింది. మరుసటేడే బొంబాయిలో విరగ్గొట్టేశారు. నలభై ఏడేళ్లు చాకిరీ చేసిన ఓడ! ఆ దారిలోకి వచ్చిన చిదంబరం కూడా అంతే. 1966లో పాస్తూర్ పేరుతో ఫ్రెంచి వాళ్ల కోసం దక్షిణ అమెరికాకు తిరిగిన ఓడ, మన చేతికొచ్చి మద్రాసు–సింగపూర్ నడిచింది. 1985 ఫిబ్రవరిలో నడిసముద్రంలో మంటలంటుకుని ఎందరో పోయారు. దాంతో బీదవాడి సముద్రపు దారి మూసుకుపోయింది.

ఇప్పుడు విశాఖలో క్రూయిజ్ టెర్మినల్ కట్టారు. డబ్బున్నవాళ్లు ఎక్కి, తిని, ఆడి, తిరిగొస్తారు. పనిమీద పోయే మనిషికి అందులో చోటేదీ? మన కూలీల్ని తరాల తరబడి దాటించిన రజూలా ఫోటో ఒక్కటైనా ఆ టెర్మినల్ గోడకు పెట్టాలి. కింద దాని రెండు పేర్లూ, అది తిరిగిన ఏళ్లూ తెలుగులో రాయాలి.