రెండు నిమిషాల ఉద్యోగం

చిలీలో, బియోబియో నది ఒండ్రు మీద లేచిన కన్సెప్సియోన్ నగరంలో నేలకు బోల్టులతో బిగించిన పెట్టెను నేను. పేరు యాక్సిలరోగ్రాఫ్. సీస్మోగ్రాఫ్ నాకు అక్క వరస. ఎక్కడో ఖండాల అవతల భూమి కదిలినా దానికి ఒళ్లు జలదరిస్తుంది. నేను మొద్దును, గట్టిగా కుదిపితేగానీ లేవను. కానీ కాళ్లకిందే భూమి విరుచుకుపడితే అక్క గీత కాగితం దాటిపోతుంది. అప్పుడు దిక్కు నా రాతే.

2010 ఫిబ్రవరి 27, తెల్లవారుజామున 3:34. దక్షిణ అమెరికా కిందికి ఏటా ఆరేడు సెంటీమీటర్లు దూరే నాజ్కా భూఫలకం ఒక్కసారిగా జారింది. భూకంప పరిమాణం 8.8. రెండు నిమిషాలకు పైగా రాస్తూనే ఉన్నాను.

తెల్లారాక అందరూ అడిగింది ఒక్క అంకే: గరిష్ఠ త్వరణం ఎంత? నాది గురుత్వంలో 40 శాతం. నది అవతల సాన్ పెడ్రోలో ఉన్నవాడిది 65. ఇంకేం, వాడే మొనగాడు! నాకు ఒళ్లు మండింది. నా కాగితం నిండా ఉన్నది నిదానమైన పెద్ద ఊపు. ఒక్కోటి రెండు సెకన్లకు దగ్గర. మెత్తటి మట్టి అలాగే ఊపుతుంది. పొట్టి ఇల్లు దాన్ని తట్టుకుంటుంది గానీ ఎత్తైన భవనం దానితో లయ కలుపుతుంది. ఆ రాత్రి ఊళ్లో 15 అంతస్తుల కొత్త అపార్ట్‌మెంటు వెల్లకిలా పడింది. ఎనిమిది మంది పోయారు. తప్పంతా మట్టిదే అనను, కట్టిన తీరుకూ వాటా ఉంది.

రాబోయే కుదుపును లెక్కగట్టేవాళ్లకు పరిమాణం, దూరం, నేల మూడూ కావాలి. కంపం పుట్టిన చోటూ కావాలి. 1939లో చియాన్ పట్టణాన్ని నేలమట్టం చేసిన కంపం ఫలకాల హద్దున కాదు, లోపలికి దిగిన ఫలకం కడుపులోనే పుట్టింది. దాని లెక్క వేరు. 2011లో కట్టడాల నిబంధనలు మార్చి, పై 30 మీటర్ల నేలలో అడ్డంగా ఊపే తరంగాల వేగం చూసి మట్టి తరగతి తేల్చమన్నారు. అందులో నా రాతకూ పాలుందని నా గర్వం.

ఒక సిగ్గుమాట. ఆ రాత్రి నగరం మూడు మీటర్లు పడమటికి జరిగింది. జీపీఎస్ చెబితేగానీ, దాని మీదే కూర్చున్న నాకు తెలియలేదు.

మొన్న బ్యాటరీ మార్చడానికి వచ్చిన కుర్రాడు పోతూపోతూ నెత్తిన గట్టిగా ఒకటి చరిచాడు. భూకంపమనుకుని అదీ రాసేశాను.