ఐదు మిల్లీమీటర్లు

1990ల మధ్యలో ర్యాలీ కారు వీధిలో తిరిగే కారులోంచే పుట్టాలి. 'గ్రూప్ ఎ' నియమం అది. ఆ మోడల్ కార్లు కనీసం 2,500 తయారైతేనే పోటీలోకి రానిచ్చేవారు. టయోటా సెలికా జీటీ-ఫోర్ అలా వచ్చిందే. రెండు లీటర్ల ఇంజన్, టర్బో, నాలుగు చక్రాలకూ అందే బలం. షోరూములో డబ్బు కట్టి ఎవరైనా ఇంటికి తెచ్చుకునే వీలుండేది.

ర్యాలీకి పంపేముందు మెకానిక్కులు దాన్ని ఊడదీసి మళ్లీ కడతారు. గేర్లు మారుస్తారు, డిఫరెన్షియళ్లు మారుస్తారు, సస్పెన్షన్ మారుస్తారు. ఒక్కచోట మాత్రం వాళ్ల చేతులు కట్టేసి ఉంటాయి. టర్బోకి ఎంత గాలి అందితే ఇంజన్‌కి అంత బలం. అందుకని టర్బో మూతి దగ్గర రెస్ట్రిక్టర్ అనే బిళ్ల పెట్టాలంది మోటారు పోటీల్ని నియంత్రించే ఎఫ్ఐఏ. 1995కి దాని కన్నాన్ని 38 మిల్లీమీటర్ల నుంచి 34కి తగ్గించింది. ఓ మోస్తరు నిమ్మకాయ ఇరుక్కుపోయే కన్నం. ఇంజన్ పీల్చే గాలంతా అందులోంచే పోవాలి.

టయోటా జట్టు వర్క్‌షాపు జర్మనీలోని కొలోన్‌లో. ఆ ఏడు వాళ్ల శ్రద్ధంతా టర్బోకి గాలి తెచ్చే గొట్టం మీద పడింది.

గొట్టం చివర లోపల స్ప్రింగులున్నాయి. వాటిని లాగడానికి ప్రత్యేకంగా ఓ పనిముట్టు. దానితో లాగి, గొట్టం తొడిగి, క్లిప్పు బిగిస్తే రెస్ట్రిక్టర్ టర్బోకి 5 మిల్లీమీటర్లు ఎడంగా జరుగుతుంది. పక్కన సందు తెరుచుకుంటుంది. కన్నంలో దూరలేని గాలి ఆ సందులోంచి వెళ్తుంది. 50 హార్స్‌పవర్ దాకా అదనంగా వస్తుందని అంచనా.

సందు బయటికి కనిపించదు. దానిమీద క్లిప్పు ఉంటుంది.

తనిఖీ అధికారి కొలవాలంటే గొట్టం విప్పాలి. విప్పాలంటే క్లిప్పు వదులు చేయాలి. క్లిప్పు వదులు కాగానే స్ప్రింగులు టప్పున మూసుకుంటాయి. బిళ్ల తన చోటికి తాను వచ్చేస్తుంది. అధికారి కొలుస్తాడు. 34. రాసుకుంటాడు.

అక్టోబరులో స్పెయిన్‌లో కాటలూన్యా ర్యాలీ జరిగింది. అప్పటికి ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ముందున్నది టయోటా డ్రైవరు యుహా కంకునెన్. ఆ ర్యాలీలోనూ ముందే ఉండి, కారు రోడ్డు తప్పి ఇంటికెళ్లాడు. కొరత గాలిది కాదు.

ఆ ర్యాలీలోనే అధికారులు గొట్టాన్ని కాస్త తీరిగ్గా చూశారు.

చూసినవాళ్లు ముచ్చటపడ్డారు. లోపల పనితనం అందంగా ఉందన్నారు. గాలికి అడ్డు తగలకుండా స్ప్రింగుల్ని కూడా మెరుగుపెట్టారన్నారు. తెరుచుకునే వీలుందని అనుమానించడానికి వెంట్రుకవాసి సందైనా కనిపించలేదన్నారు. ఇంత తెలివైన పరికరం తానుగానీ తమ నిపుణులుగానీ చూసి చాలాకాలమైందని ఎఫ్ఐఏ అధ్యక్షుడు మాక్స్ మోస్లీ స్వయంగా మెచ్చుకున్నాడు.

జట్టుకీ డ్రైవర్లకీ ఆ ఏడాది పాయింట్లన్నీ కొట్టేసి, టయోటాని పన్నెండు నెలలు పోటీల నుంచి వెలివేశాక, ఎందుకు వేశారో చెబుతూ.