బత్తాయికి పేరుండదు

సికింద్రాబాద్‌లో ప్యాట్నీ నుంచి క్లాక్‌టవర్ దాకా తలెత్తి నడిస్తే ఆకాశం కన్నా ముందు బోర్డులు కనిపిస్తాయి. "ఆర్నెల్లలో నర్సింగ్ అసిస్టెంట్. టెన్త్ ఫెయిలైనా పర్వాలేదు. ఉద్యోగం గ్యారంటీ." ఆ పక్కనే, అదే రంగులో, కుట్టుపని నేర్పే చోటు బోర్డు. రెండు చోట్లా సూదే కదా.

మా పక్కింటమ్మాయి అలాంటి ఒక మేడ మీద చేరితే, ఫీజు కట్టడానికి తోడెళ్లాను. "సూదంటే చేతి పని సార్. చెయ్యి తిరిగితే చాలు, వారంలో వచ్చేస్తది" అన్నాడు యజమాని. లోపల పాఠం నడుస్తోంది. బల్ల మీద బత్తాయిలు. కండలోకైతే 90 డిగ్రీలు, చర్మం కిందికైతే 45, చర్మంలోకైతే 15. పిల్లలు చకచకా పొడుస్తున్నారు. బత్తాయిలు కిక్కురుమనడం లేదు.

బత్తాయిని మించిన రోగి లోకంలో లేడు. దానికి పేరుండదు. పక్క మంచం మీద అదే పేరుతో ఇంకో బత్తాయి ఉండదు. పెన్సిలిన్ పడదని మొరాయించదు. తొక్క కింద ఎక్కడ పొడిచినా కాలు చచ్చుబడే నరం తగలదు. పొద్దున ఇదే మందు ఒకసారి పడింది కదా అని నిలదీసే కొడుకూ ఉండడు. ఇన్ని సుగుణాలున్న రోగి మీద ఆర్నెల్లు చెయ్యి తిప్పుకున్న పిల్ల రేపు వార్డులోకొచ్చి మనల్ని కూడా బత్తాయిల్లాగే చూస్తే, ఆ పాపం పిల్లదని నేననను.

పుస్తకంలో మాత్రం మొదటి పాఠం పొడవడం గురించి కాదు. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ: ఈ ఐదూ చూసుకున్నాకే సూది. లేబుల్ మూడుసార్లు చదవాలి: సీసా అరలోంచి తీసేటప్పుడు, మందు లాగేటప్పుడు, సీసా తిరిగి పెట్టేటప్పుడు. దీన్ని వల్లె వేయిస్తారు, పరీక్షలో రాయిస్తారు. మార్కులు పడ్డాక ఆ ఐదింటినీ సగౌరవంగా సాగనంపుతారు.

పోయినేడు మా అమ్మను ఒక నర్సింగ్‌హోమ్‌లో చేర్చాం. పేరెందుకు, అలాంటివి గల్లీకి రెండున్నాయి. రాత్రి తొమ్మిదింటికి గులాబీ కోటు అమ్మాయి ట్రే పట్టుకొచ్చింది. ట్రేలో నాలుగు సిరంజీలు, నాలుగింట్లోనూ నీళ్లలాంటి మందు, ఒక్కదాని మీదా చీటీ లేదు.

"మూడో బెడ్ అమ్మమ్మనే కదా?"

అమ్మ అవునంది. అబద్ధం కాదు. మధ్యాహ్నం దాకా ఆవిడ ఐదో బెడ్. అక్కడ ఫ్యాను కిర్రుమంటోందంటే ఇటు మార్చారు.

"ఏం మందమ్మా ఇది?" అన్నాను.

"డాక్టర్ సార్ రాసిందే అంకుల్."

ఇంతకన్నా సమగ్రమైన జవాబు వైద్యశాస్త్రంలో లేదు. అయినా పట్టుబట్టి కేసు షీటు తెప్పిస్తే తేలిందేమిటంటే, ఆ సూది మధ్యాహ్నమే డిశ్చార్జయి ఇంటికెళ్లిపోయిన పెద్దమనిషిది. రోగి వెళ్లిపోయినా మంచం ఉంది కదా, మంచానికి వైద్యం ఆగలేదు.

ఈ ఊరి పరువు మొదట్నించీ ఇలా లేదు. 1897లో ఇక్కడే, బేగంపేటలో, రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించాడు. దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు కూడా, దోమకి కాదు, హుసేన్ ఖాన్‌కి. ఆగస్టు 16న కుట్టిన దోమను 20న కోసి చూస్తే దాని కడుపు గోడలో మలేరియా పరాన్నజీవి బయటపడింది. ఆ దారిలో సాగిన పనికే 1902లో నోబెల్ వచ్చింది. ఏ దోమ ఎవర్ని ఏ రోజు కుట్టిందో లెక్క ఉండబట్టి కదా ఆ నాలుగు రోజుల సంగతి తేలింది! అంటే సికింద్రాబాద్‌లో దోమ వేసిన సూదికి రోగి పేరుంది, తేదీ ఉంది, రికార్డుంది. రాస్ పేరిట ఆ భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. మేడ మీద పిల్లల్ని ఒక్కపూట అక్కడికి తీసుకెళ్లినా బత్తాయిల ఖర్చు మిగిలేది.

చెయ్యి తిరిగితే చాలన్నవాడికి ఇన్సులిన్ సంగతి చెప్పాలి. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. వాటి సిరంజీకి ఎర్ర మూత. పెన్నుల్లో వాడే కాట్రిడ్జిలు 100 యూనిట్లవి. 100 గీతల సిరంజీకి నారింజ మూత. డాక్టరు 20 యూనిట్లు రాశాడు. 40 సీసాలోంచి నారింజ మూత సిరంజీతో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే. షుగరు దిగదు, మందు మంచిది కాదని సీసాని తిడతాం. అదే 100 మందును ఎర్ర మూత సిరంజీతో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు పోతాయి. అప్పుడు తిట్టడానికి రోగికి తెలివుండదు. రెండుసార్లూ సూది నొప్పి లేకుండా, అద్భుతంగా దిగుతుంది. చెయ్యి బ్రహ్మాండంగా తిరిగింది మరి.

ఇక చీటీ రాసే దొరల సంగతి. యూనిట్లు అని రాయడానికి బద్ధకించి అంకె పక్కన ఇంగ్లీషు 'యూ' ఒకటి గిలికితే అది సున్నా అవుతుంది, 10 కాస్తా 100 అవుతుంది. 'ఓడీ' అంటే రోజుకొకసారి. కంటి డాక్టరు రాస్తే కుడి కన్ను. 'బీడీ' అంటే రోజుకు రెండుసార్లు, కాల్చేది కాదు. టెన్త్ ఫెయిలైనా పర్వాలేదని చేర్చుకున్న పిల్ల ఈ గుప్తలిపిని అర్ధరాత్రి ఒంటరిగా విప్పాలి. అనుమానమొచ్చి ఫోన్ చేసిందనుకోండి, "సార్, ఇది పదా, వందా?" అని. "ఆ మాత్రం తెలీదా? ఏం నేర్చుకున్నవ్?" అని నాలుగు చీవాట్లు. అసలు ఆ రాత్రి ఆ ఆస్పత్రిలో వైద్యం తెలిసిన పని చేసింది ఆ ఒక్క పిల్లే. రెండోసారి ఫోన్ చేయదు. మూడో నెలకి ఆమెకు "చెయ్యి తిరిగిన పిల్ల" అని పేరొస్తుంది, జీతం ఇంకో వెయ్యి పెరుగుతుంది.

మనం మాత్రం తక్కువ తిన్నామా? గోలీలు రాసిచ్చి పంపిన డాక్టరుని "సూది గూడ ఎయ్యలే, ఏం డాక్టరు?" అని గల్లీ అంతా చాటేది మనమే. మింగితే తగ్గే జ్వరానికి పొడిపించుకుంటేగానీ ఫీజు గిట్టుబాటు కాదు. ఏదో నూటికొక పిల్ల పుస్తకంలో చదివింది గుర్తుపెట్టుకుని "మీ పేరేంటి అమ్మమ్మా?" అని అడిగితే, "పొద్దున్నుంచి నాలుగుసార్లు చెప్పిన, మతిమరుపా?" అని విరుచుకుపడేదీ మనమే. అమ్మ తరఫున ఆ మాట నేనూ ఒకసారి అన్నాను, ఒప్పుకుంటున్నా.

ఈసారి ట్రే పట్టుకొచ్చిన పిల్ల పేరడిగితే, ఐదోసారైనా సరే, ఇంటిపేరుతో సహా చెప్పండి. అడక్కపోతే చెయ్యి వెనక్కి తీసుకుని మీరే అడగండి.