గ్రాఫిక్సు కార్డోపాఖ్యానము

పల్నాటిసీమలో పుట్టినవానికి ఏ విషయమునందైనను రెండు పక్షములలో ఒకదానిని ఆశ్రయింపక తప్పదు. గురజాల పక్షమా, మాచర్ల పక్షమా యని పన్నెండవ శతాబ్దమునందు మొదలైన ప్రశ్న, కోడిపందెము మీదుగా కార్యమపూడి రణరంగము దాక నడచి, నాగులేటి నీళ్లను ఎఱ్ఱగా చేసి, అచ్చటితో చల్లారినదని చరిత్రకారులు చెప్పుదురు గాని, అది చల్లారలేదు. నరసరావుపేటలోని మా యింటి వసారాలో, పదవ తరగతి పరీక్షలు వ్రాసి తీరికగా నున్న మా వాని మిత్రమండలిలో, ఎన్విడియా పక్షము, ఏఎమ్‌డీ పక్షము అను క్రొత్త పేళ్లతో నేటికిని సాగుచునే యున్నది.

మా వాడు పరీక్షలలో మేమందరము అనుకొన్నదానికంటె ఎక్కువ మార్కులు తెచ్చుకొనెను. తండ్రియైనవాడు ఫలితములకు ముందు వరమిచ్చుటయు, ఫలితముల తరువాత ఆ వరమునకు హద్దులు వెదకుటయు దశరథుని నాటినుండియు వచ్చుచున్న ఆచారమే గనుక దానిని విస్తరింపను. వరమేమనగా, 2020లో కరోనా మూలమున బడులు మూతపడి పాఠములన్నియు తెరమీది కెక్కిన దినములలో కొనిన మా పాత కంప్యూటరును ఆటలకు యోగ్యముగా సంస్కరించుట. ఇందులకు వలసిన వస్తువు ఒక్కటేయనియు, దాని పేరు గ్రాఫిక్స్ కార్డనియు మా వాడు సెలవిచ్చెను. నేను హైస్కూలులో తెలుగు చెప్పుకొని బ్రతుకువాడను. కార్డన్నచో రేషను కార్డు, ఆధారు కార్డు, ఏటీఎం కార్డు ఎఱుగుదును; అవి జేబులో పట్టును. మా వాడు చూపిన బొమ్మలోని కార్డు మూడు పంకాలు తగిలించుకొని జానెడున్నర పొడవున నుండెను.

అది చేయు పనిని వాడు నాకు మిరపకోత మీద పెట్టి బోధించెను. కంప్యూటరులోని ప్రాసెసరు ఆరుగురు మేధావుల సంఘమట. ఎంతటి చిక్కులెక్కనైనను విప్పగలరు గాని, పదెకరముల తోటలో పండుకాయ కోయుమన్నచో ఆరుగురును ఆరుగురే. గ్రాఫిక్స్ కార్డన్ననో కూలీల ముఠా. ఒక్కొక్కరికి తెలిసినది ఒక్కటే పని, కాయ తుంచి గోతాములో వేయుట. కాని 4060 అను కార్డులో అట్టివారు 3,072 మంది ఒక్కసారిగా తోటలో దిగుదురు. తెరమీద అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుండును. వెరసి 20 లక్షల 73 వేల 600. ప్రతి చుక్కకును ఏ రంగు వేయవలెనో లెక్క కట్టి, ఆ లెక్కనంతయు సెకనుకు 60 మారులు మరల మరల చేయవలెను. అనగా సెకనుకు 12 కోట్ల 44 లక్షల పైచిలుకు చుక్కలు. ఏడాది పొడుగునను లెక్కల మాష్టారిచేత చీవాట్లు తిన్న పిల్లవాడు ఈ గుణకారమును కాగితము ముట్టకయే చేసి చూపినపుడు, మన బడులలో లెక్కలు చెప్పవలసిన చోట మిరపకాయలనో ఆటలనో చెప్పినచో ఎంత బాగుండునో యని నాకు తోచినది.

ఇక నామకరణ విషయము. ఎన్విడియా వారి కార్డుకు నాలుగంకెల పేరుండును. మొదటి రెండంకెలు తరమును, కడపటి రెండంకెలు హోదాను తెలుపును. ఆ ప్రకారము 3060 తాత, 4060 తండ్రి, 2025 మే మాసమున అవతరించిన 5060 మనుమడు. ముగ్గురి హోదాయు అరువదియే. ఇంతవరకు శాస్త్రము బాగుగనే యున్నది. కాని 2021లో వచ్చిన తాతగారి జ్ఞాపకశక్తి 12 గీగాబైట్లు, 2023లో వచ్చిన కుమారునిది 8, మనుమనిదియు ఎనిమిదే. వయసు మీరినకొలది మతిమరపు వచ్చుననుట లోకానుభవము గదా, ఈ వంశములో మతిమరపుతోనే పుట్టుచున్నారు.

"అట్లయిన తాతనే తెచ్చుకొందమురా" అంటిని.

"తాత కరెంటు ఎక్కువ తాగుతాడు నాన్నా. 170 వాట్లు. 4060కి 115 చాలు, పైగా దానికే స్పీడెక్కువ" అనెను.

హోదాకు చివర టీఐ యనియు, సూపర్ అనియు తోకలు తగిలించు పద్ధతి కూడ కలదు. చిన్నయసూరి ప్రత్యయములకు సూత్రములు చెప్పెను గాని ఈ ప్రత్యయములకు చెప్పలేదు. ఇవి చేరినచోట ధర పెరుగుట మాత్రము నిత్యము, తక్కినది వైకల్పికము.

పక్షముల సంగతి మా అమ్మ తేల్చెను. ఆమె పుట్టినిల్లు ఆ కార్యమపూడియే, నేటి కారెంపూడి. ఏటేట కార్తికమున వీరుల గుడి ఉత్సవమునకు పోయి రాకున్న ఆమెకు సంవత్సరము గడచినట్లుండదు. పిల్లలు గొంతులు చించుకొనుచుండగా ఆమె వచ్చి కూర్చుండి, అసలు ఈ రెండు కంపెనీలకును పెద్దలెవరని విచారించెను. ఎన్విడియాను 1993లో స్థాపించిన ముగ్గురిలో ఒకడైన జెన్సన్ హువాంగ్ నేటికిని దాని అధిపతి. ఏఎమ్‌డీకి 2014 నుండి లీసా సూ అధిపతి. ఆయన 1963లో పుట్టినవాడు, ఆమె 1969లో పుట్టినది, ఇరువురిదియు తైవానే. అంతియే కాదు, హువాంగు గారి తల్లియు, సూ గారి తల్లిని కన్న తండ్రియు తోబుట్టువులు. ఇది మా వాడు చెప్పగా విని, మా అమ్మ కన్నులు మూసుకొని ఒక్క నిమిషము వ్రేళ్లు మడిచెను.

"అయితే ఆయన ఆ అమ్మాయి వాళ్ళమ్మకి మేనత్త కొడుకు. వయసులో చిన్నోడు కాబట్టి మరిది వరస. ఈ పిల్లకి చిన్నాన్న అవుతాడు. ఒకింటోళ్ళేరా వీళ్ళు!"

ఒక్క తండ్రి బిడ్డలైన నలగామరాజును మలిదేవరాజును విడదీసి, ఓడినవారిని ఏడేండ్లు అడవుల పాలు చేయుటకు ఒక కోడిపుంజు చాలినదని ఉగ్గుపాలతో నేర్చిన ఊరి ఆడపడుచునకు ఇందులో వింతయేమియు తోచలేదు. "చిన్నాన్నా, కూతురూ రేపు ఏ పెళ్ళిలోనో కలిసి పక్కపక్కన భోంచేస్తారు. మధ్యలో మీరు కొట్టుకు చావండి" అని లేచి పోయెను. ఇంటెల్ వారును ఆర్క్ అను పేరుతో మూడవ పక్షముగా దిగియున్నారని ఒక పిల్లవాడు గొణిగెను గాని, పల్నాటిలో మూడవ పక్షమును లెక్కచేయువారు లేరు.

నాకు తోచిన అభ్యంతరము వేఱు. 1957లో మాయాబజారు తెరమీద నడచినది సెకనుకు 24 చిత్రములతోనే. మార్కస్ బార్ట్‌లే పట్టిన ఆ వెన్నెలను చూచి చిత్రములు చాలలేదని లేచిపోయిన ప్రేక్షకుని నేనెఱుగను. మరి మీరు కోరు సెకనుకు 144 చిత్రములు ఎందుకురా యని అడిగితిని. వాడు చెప్పిన సమాధానము ఒప్పుకొనదగినదే. సినిమాలో వేగముగా కదలు వస్తువు ప్రతి చిత్రములోను కొంచెము చెరిగినట్లు పడును, ఆ చెరుపే కంటికి చలనమై అతుకును; పైగా ఘటోత్కచుడు మన మాట వినువాడు కాడు, ఆయన దారిన ఆయన పోవును. ఆటలోనన్ననో మీట నొక్కువారము మనము. నొక్కిన తక్షణము తెర జవాబు చెప్పవలెను.

"బాగున్నది. మన తెర ఎన్ని చూపునురా?"

మా వాడు కొంతసేపు పైకప్పు వంక చూచెను. మా మానిటరు 60 హెర్ట్‌జులది. సెకనుకు 60 మారులకు మించి బొమ్మ మార్చుట దాని వల్ల కాదు. కార్డు 200 చిత్రములు గీసి పంపినను, నిండుగ తెర కెక్కునవి అరువదియే. వాడు నిత్యము ఆడునది వాలొరాంట్. సామాన్యపు యంత్రములపైనను నడువవలెనను సంకల్పముతో 2020లో విడుదలయిన ఆట. అప్పుడప్పుడు ఆడదలచినది జీటీఏ ఐదవది; అది కంప్యూటర్లకు వచ్చి పదేండ్లు దాటినది. ఈ రెంటికిని ఐరావతమును కట్టివేయనక్కఱలేదని నిర్ణయించితిని. నిర్ణయించితిననగా, మనసులో.

ధర చూడబోయిన, 4060యో 5060యో 30 వేల రూపాయల చేరువలో నుండెను. మా యింట ఎంతటి ధరనైనను మిరపకాయలలోనికి మార్చి చూచు వాడుక కలదు. 2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోయి రైతులు గగ్గోలు పెట్టగా, కేంద్ర ప్రభుత్వము మార్కెట్ జోక్య పథకము క్రింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించెను. ఆ లెక్కన 4060 కార్డు రెండున్నర క్వింటాళ్లు. దాచేపల్లి వైపున సేద్యము చేయుచున్న మా తమ్మునికి ఈ మాట ఫోనులో చెప్పగా వాడు చాలసేపు నవ్వెను; అది మంచి నవ్వు కాదు. రంగురంగుల దీపములు పొదిగిన కార్డులకు మఱికొంత అధికము. ఆ దీపములు వేగమును వీసమెత్తును పెంచవట. దీపములే కావలెనన్న శివరాత్రికి కోటప్పకొండ పోదము, అచ్చట ఎనుబదియడుగుల ప్రభలకు కట్టియుందురు, చూచుటకు టిక్కెట్టు లేదు అంటిని.

హైదరాబాదులో ఉద్యోగము చేయు మా మేనల్లుడు మఱొక త్రోవ చూపెను. "మామయ్యా, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి పోతే వాడిన కార్డు సగం ధరకే ఇప్పిస్తా" అనెను. ఆ చౌకకు ఒక కథ యున్నది. 2021 ప్రాంతమున లోకమంతటను ఈ కార్డులను ఆటలకు గాక ఈథీరియమ్ అను అంకెల నాణెమును త్రవ్వుటకు కొని పోగులు పెట్టిరి. ఆడుకొను పిల్లలకు కార్డు దొరకలేదు, దొరికిన ధర అందలేదు. 2022 సెప్టెంబరు 15న ఆ నాణెము వారు పద్ధతి మార్చుకొని కార్డుల పనియే లేకుండ చేయగా, రేయింబవళ్లు గనిలో మ్రగ్గిన కార్డులన్నియు సంతకు వచ్చినవి. వానిలో మంచివియు ఉన్నవి, పంకా బేరింగులు అరిగి మూలుగునవియు ఉన్నవి. పైకి చూచి ఏది యేదో చెప్పగలవాడు లేడు, వారంటీ కాగితము చూపగలవాడు అంతకన్నను లేడు.

ఇంతవరకు ధరల వాదము మగవారిది. దానిని ముగించినది మా యింటి యిల్లాలు, వంటగదిలోనుండి వేసిన ఒక్క ప్రశ్నతో: "ఏమండీ, అది ఎంత కరెంటు కాలుద్ది?"

సామాన్యముగా సీలింగు ఫ్యాను 75 వాట్లు. 5060 కార్డు 145, అనగా రెండు ఫ్యాన్లు. పిల్లలు పేరు తలచి చేతులు జోడించు 4090 కార్డు 450 వాట్లు, అనగా ఆరు ఫ్యాన్లు. అవియు గాలి విసరని ఫ్యాన్లు. ఈ వాట్లన్నియు తుదకేమగునని ప్రకృతిశాస్త్రము నడిగిన అది ఒక్కటే జవాబు చెప్పును: వేడిమి. కార్డు మీది పంకాలు కార్డును చల్లార్చునవే గాని గదిని చల్లార్చునవి కావు. కార్డులోని వేడిని గదిలోనికి తోయుటయే వాని ధర్మము. మంచు కురియు దేశములలో ఈ యంత్రము చలికాలమున పిల్లవాని గదిని వెచ్చజేసిన పుణ్యము కూడ కట్టుకొనునేమో. పల్నాటిలో మే మాసమున సొంత డబ్బిచ్చి వేడిమిని కొని తెచ్చుకొను గృహస్థునకు ఏ శాస్త్రములోను ప్రాయశ్చిత్తము కానరాదు.

అదియు గాక, కార్డు వేడిమి గది వేడిమి నాశ్రయించి యుండును. 22 డిగ్రీల ఏసీ గదిలో పరీక్షించి 68 దాటలేదని మెచ్చుకొన్న కార్డు గదికంటె 46 డిగ్రీలు ఎక్కువ వేడెక్కినదన్నమాట. ఆ 46ను వెంటబెట్టుకొనియే అది మా 40 డిగ్రీల వసారాకు విచ్చేసి, 86 దాక ఎగబ్రాకజూచును, దానిని ఆపుటకు పంకాలు రొదపెట్టును. ఎన్విడియా కార్డులు సాధారణముగా 83 డిగ్రీల చెంతకు రాగానే వేగము తగ్గించుకొనునట్లు కట్టడి యున్నది. కావున 4060 కొనిన పల్నాటివాడు మధ్యాహ్నము రెండు గంటలవేళ అంతకు తక్కువ కార్డుతో ఆడుకొనుచుండుటయు, రసీదులో మాత్రము 4060 యని యుండుటయు సంభవము. ఇది గాక కరెంటును పంచిపెట్టు ఎస్‌ఎమ్‌పీఎస్ అను ఇనుప డబ్బా ఒకటి కలదు. మా దానిపై 450 వాట్లని వ్రాసియున్నది, వ్రాసినవాని పేరు మాత్రము లేదు. 4060 వాడదలచినవాడు 550 వాట్ల డబ్బా పెట్టుకొనవలెనని కార్డు చేసినవారే చెప్పుచున్నారు.

తుదకు కుదిరినది ఆర్‌టీఎక్స్ 3050, ఆరు గీగాబైట్లది. 2024లో వచ్చినది, 70 వాట్లతో గడుపుకొనును, మదర్‌బోర్డు మీది గాడి తానుగనే 75 వాట్ల దాక ఇయ్యగలదు గనుక వేఱు తీగ అక్కఱలేదు, 300 వాట్ల డబ్బా చాలును. ధర 18 శాతము జీఎస్టీ కలుపుకొని 17, 18 వేల మధ్య నుండెను, అనగా ఒకటిన్నర క్వింటాలు. "ఒక ఫ్యాను ఎక్కువ తిరిగిందనుకుందాం" అని ఇల్లాలు అనుమతించెను. అరువది చిత్రముల తెరకు ఇది చాలునని మా వాడు తన మిత్రులకు తానే వాదించి చెప్పుచుండగా వింటిని. మానిటరును గూర్చిన వరము ఇంటరు ఫలితముల తరువాత.

కొనబోవు తల్లిదండ్రులకు ఒక్క హెచ్చరిక. 3050 అను పేరుతో రెండు కార్డులు తిరుగుచున్నవి. 2022లో వచ్చిన ఎనిమిది గీగాబైట్లదానిలో కూలీలు 2,560 మంది, త్రాగుడు 130 వాట్లు, దానికి వేఱు తీగ కావలెను. ఆరు గీగాబైట్లదానిలో కూలీలు 2,304 మంది. మా పట్టణపు దుకాణదారు ఒకాయన "రెండూ ఒకటేనండీ, రెండు జీబీ తేడా, అంతే" అనెను. మా వాడు ఆయనకు నిలుచున్నపాటున పాఠము చెప్పెను. ఆయన విసుగుకొనక చివరిదాక విని, "బాబూ, సెలవుల్లో మా షాపులో కూర్చుంటావా?" అని అడిగెను.

ఇక విన్నపము. కార్డులను పరీక్షించి అంకెలు ప్రకటించు మహనీయులు లోకమున అనేకులు కలరు. వారు పరీక్షించునది చల్లని గదులలో. వారిలో ఒక్కరైనను మే మాసమున మా పల్నాటి రెంటచింతలకు విచ్చేయవలెను. వేసవిలో 45 డిగ్రీలు దాటుట ఆ యూరికి వార్త కాదు. కిటికీలు తెరచిన గదిలో, మిట్టమధ్యాహ్నము, కరెంటు రెండు మారులు పోయి వచ్చిన పిమ్మట కార్డును నడిపి చూచి, ఆ అంకెను పెట్టె మీద అచ్చు వేయింపుడు. భోజనము, మజ్జిగ మా యింట. ఏసీ మాత్రము లేదు.